ఎముకల్లోకి ఎక్కిన పద్దు

ఏ పనికైనా అయ్యే ఖర్చులో, ఆ పని తలపెట్టినవారు గానీ దాని ఫలం అనుభవించేవారు గానీ చెల్లించకుండా, దానితో ఏ సంబంధమూ లేని మూడో మనిషి మీద పడే భాగాన్ని అర్థశాస్త్రజ్ఞులు సామాజిక వ్యయం అంటారు. ఇంగ్లండుకు చెందిన ఆర్థర్ సెసిల్ పిగూ 1920లో వెలువరించిన సంక్షేమ అర్థశాస్త్ర గ్రంథంలో ఈ భావనకు ఒక పద్ధతైన రూపం ఇచ్చాడు. కర్మాగారం పొగ వల్ల ఊరివాళ్ళ బట్టలు మాసిపోతే వాటిని ఉతికించుకునే ఖర్చు కర్మాగారం లెక్కల్లో ఎక్కడా కనిపించదు కాబట్టి, అలాంటి ఖర్చును పన్ను రూపంలో ఆ కర్మాగారం చేతనే కట్టించాలన్నది ఆయన వాదన సారాంశం. మూడు దశాబ్దాల తరువాత, 1950లో, కె. విలియం కాప్ ఇంకొంచెం ముందుకు వెళ్ళి, ఇవి అరుదుగా జరిగే పొరపాట్లు కావని, ఖర్చును సమాజం మీదికి నెట్టివేయడమన్నది ఆధునిక ఉత్పత్తి పద్ధతిలోనే ఇమిడి ఉన్నదని ఒక పుస్తకమంతా రాసి చూపించాడు.

ఈ ఇద్దరి ఆలోచనలోనూ ఒక బాధ్యుడు ఎదురుగా కనిపిస్తూ ఉంటాడు: పొగ వదిలేవాడు, వాగులోకి రసాయనాలు పోసేవాడు, లాభం తాను ఉంచుకుని నష్టం ఇతరులకు పంచేవాడు. కానీ అలాంటివాడు ఎవరూ లేని చోట, ప్రజలు అడగగా, ప్రజల డబ్బుతో, మంచి ఉద్దేశంతో మొదలై, నిజంగానే లక్షల మందికి మేలు చేసిన పని వెనకాల కొందరి ఒంట్లో ఎముకలు వంగిపోతే ఆ ఖర్చును ఎవరి పద్దులో రాయాలన్న ప్రశ్నకు పిగూ పన్ను జవాబు చెప్పలేదు. తెలుగు నేల మీద ఈ ప్రశ్నను అన్నిటికన్నా తీవ్రంగా అడిగిన ప్రాంతం నల్లగొండ. అక్కడ నేరం చేసింది ఎవరని వెతికితే చివరికి తేలేది గులాబి రంగు గ్రానైటు రాయి. అయినా బాధ్యత అన్న మాట అక్కడితో ఆగిపోదు.

ఫ్లోరిన్ ప్రకృతిలో ఒంటరిగా దొరకని మూలకం. ఇతర మూలకాల నుంచి ఎలక్ట్రాన్లను లాక్కునే గుణం దానికి ఉన్నంతగా మరి దేనికీ లేదు గనుక, అది ఎప్పుడూ ఏదో ఒక ఖనిజంలో ఫ్లోరైడ్ రూపంలో బందీగా ఉంటుంది. నల్లగొండ జిల్లా కింద పరుచుకున్న గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైట్, ఫ్లోర్ఎపటైట్, బయొటైట్, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాల్లో ఇది చిక్కుకుని ఉంది. వాన నీరు రాతి పగుళ్ళలోకి దిగి, ఏళ్ళ తరబడి అక్కడే నిలిచి, రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ ఫ్లోరైడ్‌ను తనలో కలుపుకుంటుంది. నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున పేరుకునేట్టు చేస్తుంది. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బొనేట్ ఎక్కువైన చవుడు గుణం గల నీటిలో మాత్రం ఫ్లోరైడ్‌ను ఆపేది ఉండదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, రాయి గట్టిది, పగుళ్ళలో నీటి కదలిక నెమ్మది అన్న నాలుగూ ఒకచోట కలిసిన నేల కాబట్టే మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో కొన్ని బోర్ల నీటిలో ఫ్లోరైడ్ అనుమతించిన పరిమాణానికి ఎన్నో రెట్లు కనిపించింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే ఉంది. ఈ నీటికి రంగు, వాసన, రుచి దేనిలోనూ తేడా ఉండదు. కాచి చల్లార్చి తాగితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, పైగా ఆవిరైన నీటి మేరకు మిగిలిన నీటిలో అది చిక్కబడుతుంది.

కడుపులోకి వెళ్ళిన ఫ్లోరైడ్ త్వరగా రక్తంలో కలుస్తుంది. పెద్దవారిలో సుమారు సగం మూత్రపిండాల ద్వారా బయటికి పోతే, మిగిలినది దాదాపు మొత్తం ఎముకల్లోకి చేరుతుంది. ఎముకలు పెరుగుతూ ఉండే పిల్లల్లో నిలిచిపోయే భాగం ఇంకా ఎక్కువ. ఎముకకు గట్టిదనం ఇచ్చేది హైడ్రాక్సీఎపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికం. దానిలో హైడ్రాక్సిల్ ఉండవలసిన చోటులో దాదాపు అంతే పరిమాణం గల ఫ్లోరైడ్ దూరి కూర్చుంటుంది, అలా మారిన స్ఫటికం మునుపటి అంత తేలికగా కరగదు. బతికి ఉన్న ఎముక గోడలాంటిది కాదు. పాత భాగాన్ని శరీరం నిరంతరం కరిగించి తీసివేస్తూ, ఆ చోట కొత్తది పోస్తూ ఉంటుంది. కరగని స్ఫటికం ఈ మరమ్మతును అడ్డుకుంటుంది, కొత్త ఎముక అడ్డదిడ్డంగా పేరుకుంటుంది, ఎక్స్‌రేలో దట్టంగా తెల్లగా కనిపించే ఆ ఎముక నిజానికి పెళుసుగా ఉంటుంది. ఎముకలను కలిపే లిగమెంట్లు కూడా కాలక్రమాన గట్టిపడి, వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ తిప్పడానికి మొత్తం మనిషి తిరగవలసిన స్థితి వస్తుంది. వెన్నుపూసల మధ్య దారి ఇరుకైతే నరాలు నలిగి కాళ్ళు పడిపోతాయి. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున 10–20 ఏళ్ళు ఒంట్లోకి చేరితే మనిషి ఇలా కుంటుపడతాడని శాస్త్రవేత్తలు చాలాకాలంగా వేస్తున్న అంచనా. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీటిని మే నెల ఎండలో ఉపాధి పనికి వెళ్ళిన మనిషి 5 లీటర్లు తాగితే, ఒక్క తాగునీటి నుంచే 20 మిల్లీగ్రాములు చేరినట్టు. ఈ చిన్న గుణకారంలోనే అన్యాయం ఎక్కడ మొదలవుతుందో కనిపిస్తుంది: నీడలో కూర్చుని పని చేసేవారికి సరిపోయే పరిమితి నాగలి పట్టినవారికి సరిపోదు. అమెరికా ప్రజారోగ్య శాఖ 1962లో తాగునీటి ప్రమాణాలు రాసినప్పుడు ఊరి సగటు ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఫ్లోరైడ్ పరిమితిని తగ్గిస్తూ వచ్చింది. ఎండ కాసే దేశాలు అంతకన్నా జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయమిది.

ఇదే ఫ్లోరైడ్ టూత్‌పేస్టు డబ్బాల మీద గొప్పగా కనిపించడం పాఠకులను తికమక పెట్టవచ్చు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 20వ శతాబ్దం మొదట్లో దంతవైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెక్కే అక్కడి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు గమనించి, కారణం కోసం మూడు దశాబ్దాలు వెతికాడు. 1931లో ఒక అల్యూమినియం సంస్థలో రసాయన శాస్త్రవేత్తగా ఉన్న హెచ్. వి. చర్చిల్ అలాంటి మచ్చలే ఉన్న మరో ఊరి నీటిని పరీక్షించి అది ఫ్లోరైడ్ పని అని తేల్చాడు. ట్రెండ్లీ డీన్ ఆ తరువాత ఊరూరా లెక్కలు తీసి, లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర మచ్చలు పెద్దగా ఉండవని, పిప్పిపళ్ళు మాత్రం తగ్గుతాయని చూపించాడు. మేలు చేసే పరిమాణానికీ కీడు చేసే పరిమాణానికీ మధ్య ఇంత ఇరుకైన దూరం ఉన్న పదార్థాలు తక్కువ. అందువల్ల ఫ్లోరైడ్ విషయంలో కొలవడమే వైద్యంలో మొదటి మెట్టు, కొలవకపోవడమే మొదటి తప్పు.

కొలవడం ఆ రోజుల్లో సాధ్యమేనా అన్నది న్యాయమైన ప్రశ్న. సాధ్యమే. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన రంగు ద్రావణం ఫ్లోరైడ్ తగలగానే రంగు మారుతుందన్న సంగతి 1930ల నాటికే ప్రయోగశాలలకు తెలుసు. తెలుగు ప్రాంతం విషయానికి వస్తే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన మెట్ట గ్రామాల్లో, వెన్ను బిగుసుకుపోయిన మనుషులను పరిశీలించి, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్. ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో భారతీయ వైద్య పరిశోధన పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఒక ప్రాంతపు జనం ఎముకలు పాడవుతున్నాయని ఈ దేశంలో వైద్య శాస్త్రం నమోదు చేసిన తొలి సందర్భం అదే. డెన్మార్కులో కై రోహొల్మ్ క్రయొలైట్ ఖనిజపు ధూళి పీల్చిన కార్మికుల ఎముకల గురించి తన ప్రసిద్ధ గ్రంథం వెలువరించినది కూడా అదే సంవత్సరం కావడం వల్ల, ఈ జబ్బు గురించిన జ్ఞానం ఇక్కడికి చాలా ఆలస్యంగా వచ్చిందనడానికి వీలు లేదు. ఆ తరువాత హైదరాబాదు వైద్యుడు ఎ. హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను పరీక్షించి, ఊరి పేరు కాదు, జిల్లా పేరే శీర్షికలో పెట్టి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. అది వెలువడినది 1955 డిసెంబరులో.

ఆ నెలను తెలుగువారు మరో కారణానికి గుర్తు పెట్టుకున్నారు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ అదే నల్లగొండ జిల్లా అంచున, కృష్ణా నది మీద నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆధునిక దేవాలయాలన్న మాట దేశమంతా మోగుతున్న కాలం అది. రాయి మీద రాయి పేర్చి 124 మీటర్ల ఎత్తుకు లేపిన ఆ కట్టడం కోసం వేలాది కూలీలు పదేళ్ళకు పైగా శ్రమించారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. రెండు కాలువల కింద సాగులోకి తేవాలనుకున్న భూమి సుమారు 22 లక్షల ఎకరాలు. గుంటూరు, ఖమ్మం, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఈ నీరు తెచ్చిన మార్పును తక్కువ చేసి మాట్లాడటం చరిత్రకు అన్యాయం. ఆకలి నిజంగా ఉండేది, ఆ నీరు నిజంగా అన్నం పెట్టింది. పెద్దవి కట్టాలన్న మోజు ఒక వ్యాధి కాగలదని నెహ్రూయే 1958లో నీటిపారుదల ఇంజనీర్ల ముందు హెచ్చరించారన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే సందేహం ఆ తరానికి తెలియనిది కాదు.

జలాశయం కింద మునగబోయేది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే 3, 4 శతాబ్దాల నాటి నాగార్జునకొండ. అందుకని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ లోయంతటా తవ్వకాలు జరిపి, స్తూపాలను, విహారాలను కొలతలు తీసుకుని, ముఖ్యమైన వాటిని ఇటుక ఇటుకగా విప్పి, కొండ మీదా అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టింది. ఆ పని ఈ దేశం గర్వించవలసిన పని. నీరు రాకముందే, నీరు ఏమి చేయబోతుందో ఊహించి, పోబోయేదాన్ని లెక్కగట్టి, దాన్ని కాపాడే ఖర్చును ప్రాజెక్టు ఖర్చులో భాగంగా చూడగలమని అది రుజువు చేసింది. అదే శ్రద్ధ చుట్టుపక్కల పల్లెల బావుల మీదికి మళ్ళి ఉంటే, ప్రతి ఊరి నుంచి ఒక సీసా నీళ్ళు, ఒక గుప్పెడు మట్టి, పదిమంది పిల్లల ఆరోగ్య వివరాలు 1955 నాటివి భద్రంగా ఉండి ఉంటే, తరువాతి యాభై ఏళ్ళ వాదోపవాదాల్లో సగం అవసరం పడేది కాదు. అలా చేయమని ఆనాడు ఏ చట్టమూ అడగలేదు. పర్యావరణ ప్రభావ అంచనా, అంటే పని మొదలుపెట్టకముందే అది గాలిని, నీటిని, మనుషులను ఏం చేస్తుందో లిఖితపూర్వకంగా లెక్క చెప్పడం, భారతదేశంలో తప్పనిసరి అయినది 1994లో మాత్రమే.

కాలువ నీరు పల్లానికే పారుతుంది. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా ఖమ్మం వైపు సాగిపోతుంది గానీ, అదే జిల్లాలో మెరకన ఉన్న దేవరకొండ, మునుగోడు ప్రాంతాలకు ఎక్కిరాదు. డ్యాం పక్కనే ఉండి నీళ్ళు లేని ఈ ఊళ్ళకు మిగిలిన దారి భూగర్భం. అక్కడికి అభివృద్ధి రెండో రూపంలో వచ్చింది, అది బోరు.

అంతకుముందు ఈ మెట్ట ఊళ్ళకు చేదబావులు, మోట బావులు, దిగుడు బావులు, చెరువులే ఆధారం. వాటి నీటిలో ఫ్లోరైడ్ చాలా చోట్ల తక్కువే ఉండేది, ఎందుకంటే అది నిన్నమొన్నటి వాన నీరు, రాతితో ఎక్కువ కాలం కాపురం చేయనిది. కానీ ఆ బావులు అమాయకమైనవి కావు. మెట్లు దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టే దిగుడు బావుల ద్వారా నారి కురుపు వ్యాపించేది. కాలు మీద పుండు చేసుకుని అందులోంచి మూర పొడవు పురుగు రోజుకింత బయటికి వచ్చే ఆ జబ్బు సాగు పనుల కాలంలోనే మనిషిని మంచాన పడేసేది. కలరా, విరేచనాల సంగతి చెప్పనక్కర లేదు. 1960ల చివర్లో కరువు ముంచుకొచ్చినప్పుడు, గట్టి రాయిని గాలి సుత్తి దెబ్బలతో గంటల్లో తొలిచే రిగ్గులను యూనిసెఫ్ ఈ దేశానికి తెప్పించింది. ఆ తరువాతి దశాబ్దంలో ఇండియా మార్క్–2 అనే చేతిపంపు రూపొంది, ఊరూరా నాటుకుంది. తెలుగువారు ఆ పంపుకు పెట్టుకున్న పేరు బోరింగు, నేలను తొలిచే పనికి ఉన్న ఇంగ్లీషు మాటే నీళ్ళు ఇచ్చే వస్తువు పేరుగా నిలబడింది. మూసి ఉన్న గొట్టంలోంచి వచ్చే ఆ నీటిలో సూక్ష్మజీవులు లేవు, పురుగు లేదు. దిగుడు బావులను మార్చడం, నీటిని వడకట్టడం, బోరింగులు వేయడం అన్నీ కలిసి పనిచేయగా, 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారి కురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. బోరును శత్రువుగా చిత్రించే ఏ కథనమైనా ఈ విజయాన్ని దాటవేయకుండా ఉండాలి, ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే ఉంది: ఒక జబ్బును పోగొట్టిన చేయే మరో జబ్బును పెంచింది, రెండోది కనిపించడానికి పదేళ్ళు పట్టింది.

ఊరికి బోరు వేసినప్పుడు దాని నీటిని పరీక్షించిన మాట నిజమే అయినా, ఆ పరీక్షల దృష్టి ప్రధానంగా సూక్ష్మజీవుల మీదే ఉండేది. 1937 నాటి నెల్లూరు వ్యాసం, 1955 నాటి నల్లగొండ వ్యాసం వైద్య గ్రంథాలయాల్లో ఉన్నాయి, బోర్లు వేసే ప్రణాళికలు ఇంజనీరింగు విభాగాల్లో ఉన్నాయి, ఒకరి అల్మారా రెండోవారికి తెరుచుకోలేదు. తరువాత తరువాత నీటిమట్టం అడుగంటేకొద్దీ బోర్లు లోతుకు పోయాయి. 1980ల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కరెంటుకు మోటారు హార్స్‌పవర్‌ను బట్టి స్థిరమైన రుసుము పెట్టారు, 2004లో అది కూడా తీసివేసి ఉచితం చేశారు. కాలువ లేని రైతుకు ఇది న్యాయంగా దక్కవలసిన సాయమే అయినా, తోడే నీటికి ధర లేకపోవడం వల్ల నీళ్ళ కోసం బోరు బండి పిలిపించడం ఒక జూదంలా మారింది, ఒకే చేనులో మూడు నాలుగు ఎండిన బోర్లు కనిపించడం మామూలైంది. లోతుకు పోయేకొద్దీ రాతి పగుళ్ళలో ఎక్కువ కాలం నిలిచిన నీరు తగులుతుంది, ఆ నీటితో పాటు రాయిలో ఉన్నది కూడా పైకి వస్తుంది.

ఇదే కథ ఇంకా పెద్ద ఎత్తున బంగ్లాదేశ్‌లో జరిగింది. కలుషితమైన చెరువు నీటి నుంచి పిల్లలను కాపాడటానికి 1970ల నుంచి లక్షలాది గొట్టపు బావులు వేశారు. డెల్టా ఒండ్రులో ఉన్న ఆర్సెనిక్ ఆ నీటిలోకి వస్తుందని ఎవరూ చూడలేదు, చరిత్రలోనే అతి పెద్ద సామూహిక విషప్రయోగం అది అని 2000లో శాస్త్రవేత్తలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాశారు. 1992లో అక్కడి భూగర్భ జలాలను పరిశీలించిన బ్రిటిష్ భూగర్భ సర్వే సంస్థ ఎన్నో మూలకాలను కొలిచి ఆర్సెనిక్‌ను కొలవలేదన్న కారణంతో, జబ్బుపడిన ఒక గ్రామస్థుడు లండన్ న్యాయస్థానాలకెక్కాడు. ఆ వ్యవహారం ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) దాకా వెళ్ళి, 2006లో అతడు ఓడిపోయాడు. నివేదిక రాసినవారికి, దాన్ని చదవని లక్షల మందికి మధ్య చట్టరీత్యా బాధ్యత ఏర్పడేంత దగ్గర సంబంధం లేదన్నది తీర్పు సారాంశం. చట్టపరంగా ఆ తీర్పును సమర్థించవచ్చు. కానీ జ్ఞానం ఉన్నవారి బాధ్యత చట్టం గీసిన గీత దగ్గర ముగుస్తుందని ఒప్పుకుంటే, మెట్ట ఊరి మనిషికి శాస్త్రం చేసేదేమీ మిగలదు. ఒక పనిలో కీడు ఎలా వస్తుందో ఎక్కడో ఒకచోట తెలిసి, దాన్ని కొలిచే పద్ధతి చేతిలో ఉన్న క్షణం నుంచే ఆ పని చేసేవారి మీద బాధ్యత పడుతుంది. నల్లగొండలో ఆ క్షణం బోర్లు రాకముందే వచ్చేసింది.

సాగర్ నిండిన కొద్ది సంవత్సరాలకు మరో ఆశ్చర్యం ఎదురైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ పల్లెల్లో ఎదిగే వయసు పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ, పాదాలు దూరదూరంగా పడే ఒక వైకల్యాన్ని గమనించి 1973లో లాన్సెట్ పత్రికలో వెల్లడించారు. వైద్యులు దీన్ని జెనూ వాల్గమ్ అంటారు. అంతకుముందు ఫ్లోరైడ్ జబ్బు అంటే నడివయసులో వెన్ను బిగుసుకోవడం, ఎముక దట్టపడటం. ఇక్కడ చూస్తే పసివయసులోనే, ఎముక పలచబడి, ఒంటి బరువు మోసే కాళ్ళు వంగిపోతున్నాయి. వారు ప్రతిపాదించిన వివరణలో చాలా మెట్లు ఉన్నాయి. జలాశయం వల్ల, కాలువల వల్ల చుట్టుపక్కల భూగర్భ జలమట్టం పెరుగుతుంది, నేలలో క్షార గుణం పెరుగుతుంది, క్షార నేలలో పండిన జొన్న మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోని రాగి బయటికి పోతుంది, రాగి కొరవడితే ఎముకకు ఆధారమైన పీచు పదార్థం బలహీనపడుతుంది, ఆ బలహీనత మీద ఫ్లోరైడ్ తన దెబ్బ వేస్తుంది. కర్ణాటకలో హోస్పేట డ్యాం దగ్గర, తమిళనాడులో పరంబికుళం–అలియార్ ప్రాంతంలో కూడా ఇలాంటి వైకల్యాలు కనిపించడం ఈ వాదానికి బలమిచ్చింది. కాల్షియం చాలని తిండే అసలు కారణమని, డ్యాంకు అంత పాత్ర లేదని చెప్పిన పరిశోధకులూ ఉన్నారు. జొన్న మీద బతికేవారి ఒంట్లో అన్నం తినేవారి కన్నా ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని అదే సంస్థ పరిశోధకులు 1977లో చూపించడంతో, ఊళ్ళో జబ్బు ఎవరికి వస్తుందన్నది నీటి మీదే కాక కంచంలో ఏముందన్న దాని మీద కూడా ఆధారపడుతుందని తేలింది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు దొరికే ఇంట్లో అదే నీరు కొంత తక్కువ కీడు చేస్తుంది. జొన్న గటక, మిరపకాయ పచ్చడితో గడిపే ఇంట్లో ఎక్కువ చేస్తుంది. తెలుగువారి పులుసు గురించి ఒక మంచి మాట కూడా ఈ సంస్థ నుంచే వచ్చింది: చింతపండు తీసుకున్న బాలుర మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రచురించిన ఒక పరిశీలన చెప్పింది. అది చికిత్స కాదు, మంచి నీటికి బదులూ కాదు.

పెద్ద డ్యాం వెనుక ఇలాంటి వెల ఉందని పాత్రికేయుడు అనిల్ అగర్వాల్ 1975లోనే న్యూ సైంటిస్ట్ పత్రికలో రాసి ప్రపంచానికి తెలియజేశాడు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బు డ్యాం రాకముందే ఉంది, సిద్దిఖీ వ్యాసమే దానికి సాక్ష్యం. డ్యాం మీద ఉన్న అనుమానం జబ్బు రూపాన్ని మార్చి, పిల్లల మీదికి తెచ్చిందన్నంత వరకే. రెంటినీ కలిపివేసి సాగర్ వల్లే ఫ్లోరైడ్ వచ్చిందనడం తప్పు, డ్యాంకు ఏ పాత్రా లేదని తేల్చి పక్కన పెట్టడమూ తొందరపాటే.

నివారణ కోసం నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970ల్లో ఒక చవకైన పద్ధతి రూపొందించింది. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి బాగా తిప్పి, తేటపడే దాకా ఉంచితే, పటికలోని అల్యూమినియం తెట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను తనతో పాటు అడుగుకు లాక్కుపోతుంది. దానికి వారు పెట్టిన పేరు నల్లగొండ పద్ధతి. తూర్పు ఆఫ్రికా చీలిక లోయ దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. ఒక జిల్లా పేరు దాని బాధ వల్ల ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కడం బరువైన విషయం. ప్రయోగశాలలో పద్ధతి చక్కగా పనిచేసింది. ఊళ్ళో నిలవకపోవడానికి కారణం రసాయన శాస్త్రం కాదు. నీటి క్షార గుణాన్ని బట్టి పటిక మోతాదు మారాలి, రోజూ కలపాలి, రోజూ తిప్పాలి, అడుగున దిగిన మడ్డిని ఎక్కడో పారవేయాలి. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళ దినచర్యలో ఇంకో గంట పని చేర్చే పరిష్కారం అది. జబ్బు ఖర్చు పడినవారి మీదే నివారణ ఖర్చు కూడా పడింది. ఆ తరువాత వచ్చిన ఆర్వో యంత్రాల 20 లీటర్ల డబ్బాలు కొనగలిగినవారు తాగడానికి కొన్నారు, వంటకు మాత్రం చాలా ఇళ్ళలో బోరు నీళ్ళే కొనసాగాయి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గం నుంచి 480 మంది పోటీ చేశారు. నీటి కోసం పోరాడుతున్న జల సాధన సమితి పిలుపుతో నామినేషన్లు వేసినవారే ఇందులో అత్యధికులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావడంతో దేశం ఒకసారి తల తిప్పి చూసింది. అదే ఏడాది పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. అలాంటి నిరసన మళ్ళీ చేయడం కష్టమైంది, నీళ్ళు మాత్రం ఇంకో ఇరవై ఏళ్ళకు వచ్చాయి. నీరు ఎత్తుకు ఎక్కదన్నది ప్రకృతి సూత్రమే అయినా, పంపు పెడితే ఎక్కుతుంది. 2000ల మొదటి దశాబ్దంలోనే సాగర్ నుంచి కృష్ణా నీరు ఇదే జిల్లా నేల మీదుగా పైపుల్లో హైదరాబాదుకు ఎక్కింది. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినది 2008–09లో, నెల్లూరు వ్యాసం వచ్చిన 71 ఏళ్ళ తరువాత. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నది నీటిని శుద్ధి చేసి ఇంటింటి నల్లాకు చేర్చే లక్ష్యంతో నల్లగొండ మెరక ఊళ్ళకూ వెళ్ళింది. ఈ పనిని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి, ఎందుకంటే ఫ్లోరైడ్‌కు ఉన్న నిజమైన మందు వేరే నీరు ఒక్కటే.

అయితే వంగిన ఎముకను మంచి నీరు నిటారు చేయలేదు. ఎముకలో నిలిచిన ఫ్లోరైడ్ సంవత్సరాల తరబడి మెల్లగా బయటికి పోతుంది, నొప్పులు కొంత తగ్గవచ్చు, బిగుసుకున్న వెన్ను మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్లో ఒకరు మంచానికి పరిమితమైతే వారిని ఎత్తి కూర్చోబెట్టడానికి పనికి పోకుండా ఇంట్లో ఉండిపోయిన ఇంకొకరి కూలి, గార పళ్ళ వల్ల నోరు తెరిచి నవ్వని పిల్లల చిన్నతనం, ఊరి పేరు వినగానే తప్పిపోయిన పెళ్ళి సంబంధాలు, ఇవేవీ ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ఒక పద్దుగా లేవు. 22 లక్షల ఎకరాల ఆయకట్టు లెక్క ఉన్నంత కచ్చితంగా ఈ లెక్క లేకపోవడానికి కారణం అది లెక్కకు అందనిది కావడం కాదు, లెక్కించే పని ఎవరికీ అప్పగించకపోవడం. వికలాంగుల పింఛను కొందరికి అందుతోంది. అది దయగా కాక, సమాజం తనకు మేలు చేసుకునే క్రమంలో వారి ఒంటి నుంచి తీసుకున్న దానికి చెల్లింపుగా చూడాలి, ఆ దృష్టితోనే దాని మొత్తాన్ని నిర్ణయించాలి.

నది నీరు నిజంగా చేరిందా, చేరినా ఏడాది పొడుగునా తాగుతున్నారా, వేసవిలో మళ్ళీ బోరు దగ్గరికి పోతున్నారా అన్నది తెలుసుకోవడానికి పైపుల పొడవు లెక్క చాలదు. దానికి ప్రకృతి ఒక కొలమానం ఇచ్చింది. ముందరి శాశ్వత దంతాల మీద ఎనామిల్ అనే గట్టి పొర పుట్టిన మొదటి మూడు నాలుగేళ్ళలో చిగురు లోపల తయారవుతుంది, ఆ కాలంలో పిల్లలు తాగిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే ఆ పొర మీద చెరగని మచ్చ పడుతుంది, ఆ దంతాలు బయటికి వచ్చేది ఆరు, ఏడేళ్ళ వయసులో. నల్లాలు వచ్చిన తరువాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఒకటి, రెండు తరగతుల్లో కూర్చుంటున్నారు. మర్రిగూడలోనూ, ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, పొదిలి మెట్ట ఊళ్ళలోనూ ఏటా జూన్‌లో బడి తెరిచిన వారం, ఒక టార్చి, ఒక రిజిస్టరు పట్టుకుని ఆ పిల్లల ముందరి పళ్ళు చూసి, ఊరి వారీగా రాసి పెడితే సరిపోతుంది.